చిన్నాయన గళ్ళ పని

వేలూరు బస్టాండులో గుడియాత్తం బస్సు ఎక్కడ ఆగుతుందో బోర్డు మీద రాసి ఉంటుంది. బస్సు మాత్రం అక్కడ ఆగదు. అది ఆగే చోట ఆలంగాయం అని రాసి ఉంటుంది. ఆలంగాయం వెళ్ళేవాళ్ళు ఎక్కడ నిలబడతారో వాళ్ళకే తెలియాలి. వేలూరు పక్కనే సత్తువాచారిలో కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా, ఆ బస్సు ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా నేను బోర్డు కిందనే నిలబడతాను. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం చదువుకున్నవాడికి తొందరగా వదిలే జబ్బు కాదు. పోయిన నెల కూడా అలాగే నిలబడి రెండు బస్సులు పోగొట్టుకుని, మూడోదాంట్లో ఒంటికాలి మీద ప్రయాణం చేసి, భోజనాలు ముగిశాక చిన్నాయన ఇంటికి చేరాను. చిన్నాయన పోయి అప్పటికి పదకొండు రోజులు. ఆలస్యంగా వచ్చినందుకు ఎవరూ ఏమీ అనలేదు. నా నుంచి ఎవరూ పెద్దగా ఏమీ ఆశించని ఇల్లు అది.

రుక్కమ్మ చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, నాకు మజ్జిగ ఇచ్చి, అటక మీద నుంచి దించిన బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి నా ముందు పెట్టింది. అందులో ఉన్నవి ఉంచుకోవలసినవో పొయ్యిలో వేయవలసినవో చూసి చెప్పమంది. ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళు లేరు. మా వైపు అదేమీ వింత కాదు. పెళ్ళిపత్రిక, పాలవాడి చీటీ, దేవుడి పాటల పుస్తకం అన్నీ తమిళంలో, తిట్లు మాత్రం తెలుగులో. డబ్బా మూత తీస్తే అరచేయి వెడల్పు కాగితాలు, ఒక్కోదాని మీద చేత్తో గీసిన గళ్ళు, కొన్ని నల్లగా నింపినవి, తక్కిన వాటిలో ఒక్కో గడికి ఒక్కో తెలుగు అక్షరం. సిరా గోధుమరంగుకు తిరిగింది. నేను వెంటనే గుర్తుపట్టాను. ఆ కాగితాల మీదనే ఒక మనిషి పెళ్ళి ఆధారపడి ఉండిన కొన్ని నెలలు నాకు తెలుసు. ఆ పెళ్ళి జరగడంలో నా మాట ఒకటి ఉందని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. అది మంచి మాటో చెడ్డ మాటో మాత్రం తేల్చుకోలేకపోయాను.

అప్పటి మా ఇల్లు గుడియాత్తంలో నేతవాళ్ళ వీధిలో ఉండేది. ఇల్లంటే ముందర గదిలో మూడు మగ్గం గుంటలు, వెనక గదిలో మేము. తెల్లవారేటప్పటికి వీధి పొడుగునా పడుగులు చాపి, దారాలకు గంజి పట్టించి కుంచెలతో దువ్వేవారు. పులిసిన గంజి వాసన, నూనె వాసన, నీలిరంగు తొట్టి వాసన కలిసి ఒక వాసన ఉండేది. అదే గాలి అని నేను చాలా కాలం అనుకున్నాను. కాలేజీ చదువుకు వేలూరు వెళ్ళినప్పుడు అక్కడి గాలిలో ఏదో లోపించిందని మొదటి వారమంతా తోచింది. మా నాయన ఒక మగ్గం మీద, మేనమామ ఒక మగ్గం మీద కూర్చునేవారు. అమ్మ గంజి కాచేది. అవ్వ, అంటే నాయన తల్లి, రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఎడమ దవడలో పొగాకు, కుడిచేతిలో రాట్నం పిడి. రెండింటిలో ఏది ఆగినా రెండోది ఆగేది. ఊళ్ళోని సావుకారు నూలు ఇచ్చేవాడు, మేము గళ్ళ కైలీలు, అంటే లుంగీలు, నేసి తిరిగి ఇచ్చేవాళ్ళం, ఆయన గుడ్డను వెలుగుకు పట్టి చూసి, తప్పులు లెక్కపెట్టి, తప్పుకింత అని కోసి, మిగిలిన కూలి ఇచ్చేవాడు. మా వీధికి తెలిసిన ప్రపంచమంతా ఈ పద్ధతి మీదే నడిచేది. తెలియని ప్రపంచం కూడా ఇలాగే నడుస్తుందని అవ్వ నమ్మకం.

మూడో మగ్గం ఖాళీ. అది మునిరత్నం చిన్నాయనది. చిన్నాయన చిన్నప్పుడు చిత్తూరులో బంధువుల ఇంట ఉండి ఆరేడు తరగతులు తెలుగులో చదివి, ఆ తర్వాత నేత చేతికి రాని మనిషిగా తిరిగి వచ్చాడు. కాళ్ళు తొక్కితే చేతులు మరిచిపోయేవాడు, చేతులు కదిలితే కాళ్ళు మరిచిపోయేవాడు. ఇరవయ్యేడేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. ఆలంగాయం సంబంధం ఒకటి దాదాపు తాంబూలాల దాకా వచ్చి, పిల్లవాడు ఏం పని చేస్తాడన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఒక తిరునాళ్ళలో విరించిపురం ఏకాంబరంగారి కూతురు రుక్కమ్మను చూసి వచ్చి, చిన్నాయన మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని మా అమ్మతో చెప్పాడు. ఏకాంబరం కూడా మా వాళ్ళే, సొంతంగా పది మగ్గాలు నడిపించేవాడు. ఆయన అడగబోయే మొదటి ప్రశ్న ఏదో మాకందరికీ తెలుసు.

అలాంటి రోజుల్లో చిన్నాయనకు మద్రాసు నుంచి ఒక తెలుగు వారపత్రిక రావడం మొదలయింది. అందులో చివరి పేజీలో గళ్ళు. ఆధారం చదివి, సరిపోయే మాట పట్టుకుని, గడికి ఒక అక్షరం చొప్పున నింపి, కత్తిరించి, గడువులోగా మద్రాసు పంపాలి. ఒక్క తప్పు కూడా లేకుండా నింపినవాడికి బహుమతి. చిన్నాయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఖాళీ మగ్గం గుంట గట్టు మీద పలక పెట్టుకుని కూర్చునేవాడు. నాయన మగ్గం మోత మొదలయినప్పుడు కూర్చుంటే అది ఆగినప్పుడే లేచేవాడు. సోమవారం మధ్యాహ్నం కాగితం కత్తిరించి, చేత్తో దానికొక నకలు గీసి ఉంచుకుని, కవరులో పెట్టి, తానే నడిచి వెళ్ళి తపాలా పెట్టెలో వేసి వచ్చేవాడు. మళ్ళీ గురువారానికి కొత్త గళ్ళు వచ్చేవి.

ఇది పని అని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను. అవ్వే తనంతట తాను తేల్చుకుంది. సరుకు మద్రాసు నుంచి వస్తోంది. పిల్లవాడు నింపుతున్నాడు. తిరిగి పంపుతున్నాడు. మళ్ళీ సరుకు వస్తోంది. చేసినది బాగాలేకపోతే సావుకారు మళ్ళీ సరుకు పంపుతాడా? కూలి రాకపోవడం అవ్వకు పెద్ద విషయంగా తోచలేదు. కొత్త సావుకారు మొదట్లో కూలి చేతికివ్వడు, చెయ్యి కుదిరిందా లేదా చూస్తాడు, అది ఆమె నలభై ఏళ్ళ అనుభవం. తపాలా బిళ్ళలు మనమే కొనుక్కోవడం ఎందుకని అమ్మ అడిగితే, గంజి ఖర్చు ఎప్పుడూ నేసేవాడిదే గదా అని రాట్నం ఆపకుండా చెప్పింది. నెల తిరిగేసరికి వీధి మొత్తానికి మునిరత్నం మద్రాసు వాళ్ళకు గళ్ళ పని చేస్తున్నాడని తెలిసిపోయింది. చిన్నాయన కాదనలేదు. అవుననీ అనలేదు. ఆయనను ఎవరూ అడగలేదు కాబట్టి. నాయన ఏమనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మగ్గం మీద ఉన్నప్పుడు ఆయన ముఖం ఎప్పుడూ ఒకేలా ఉండేది, దిగాక కూడా దాన్ని మార్చేవాడు కాదు.

నేను ప్రతి శనివారం వేలూరు నుంచి పాసింజరులో వచ్చేవాడిని. కాలేజీలో తెలుగు తీసుకున్నందువల్ల, చిన్నాయన తర్వాత ఆ ఇంట్లో ఆ కాగితం చదవగలిగినవాడిని నేనే. అంటే నిజం తెలిసినవాడిని కూడా నేనే. ఆ సంగతి ఆయనతో ఎప్పుడూ ఎత్తలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆధారాలు చూసేవాళ్ళం. నాకు నిఘంటువు తెలుసు, ఆయనకు ఓపిక తెలుసు. రెండూ చాలని చోట అవ్వను అడిగేవాళ్ళం.

ఏకాంబరం పెళ్ళిచూపుల మాట ఎత్తకుండా, ఊరికే పిల్లవాణ్ణి చూసి పోతానని కబురు పెట్టిన వారం, ఆ పత్రికవాళ్ళు గళ్ళన్నీ పనికి సంబంధించిన మాటలతోనే కట్టారు. ఇది ఎవరో కావాలని చేశారని నేను అనను. ఆయన శనివారం పొద్దుటి బండిలోనే దిగాడు. విరించిపురం స్టేషనులో నా పెట్టెలోకే ఎక్కి, నా ఎదురుగా కూర్చున్న మనిషి ఆయనేనని ఇంటి గుమ్మంలో తెలిసింది. సోమవారం దాకా వ్యవధి ఉంది కాబట్టి గళ్ళు ఇంకా సగం ఖాళీగా ఉన్నాయి. చిన్నాయన లేచి దండం పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు. పని మధ్యలో లేవకూడదన్నది మగ్గం ఇంటి మర్యాద. అది ఏకాంబరానికి నచ్చినట్టే కనిపించింది. ఆయన పలక పక్కనే చాప వేయించుకుని, ఆకు వక్క ముందుకు లాక్కుని, కొత్త నేతగాణ్ణి అడిగినట్టు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. సరుకు ఎవరిది? వాళ్ళదే. ఎన్ని దినాలకు ఒకసారి వస్తుంది? వారానికి. మాదిరి వాళ్ళు చెప్తారా, నువ్వు కడతావా? గళ్ళు వాళ్ళు వేసి పంపుతారు, నేను నింపుతాను. నీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా? వేలమంది ఉన్నారంటారు. ప్రతి జవాబూ నిజం. నేను గోడకు ఆనుకుని ఆ నిజాలు ఒకదాని మీద ఒకటి పేర్చబడి ఒక పెద్ద అబద్ధంగా లేవడం చూస్తూ ఉన్నాను. ఎక్కడ చెయ్యి అడ్డం పెట్టాలో నాకు అంతు పట్టలేదు.

"తప్పు పడితే ఏమి కోస్తారప్పా?" అన్నాడు ఏకాంబరం.

"ఒక్క తప్పు పడినా ఏమీ రాదు మామా."

సున్నం రాస్తున్న ఆయన వేలు ఆకు మీద ఆగింది. "ఏమీ అంటే?"

"ఏమీ రాదు. ముందే అచ్చేసి చెప్పి ఉండారు."

ఆయన గళ్ళ వైపు చూశాడు. తన పది మగ్గాల మీద తప్పు పడితే తాను ఎంత కోస్తాడో గుర్తుకు వచ్చినట్టుంది. మొదటిసారిగా తాను మెత్తని యజమానినని ఆయనకు తోచి ఉంటుంది. మద్రాసోళ్ళకు గుండెల్లేవు అని తమిళంలో గొణుక్కున్నాడు. ఆ మనిషి ముఖంలో చిన్నాయన మీద జాలి కలగడం, అందులోంచి కొంత మర్యాద పుట్టడం నేను కళ్ళారా చూశాను.

ఆ తర్వాత ఆధారాలు చదివి వినిపించమన్నాడు. నేను చదివాను. "చేతిలో ఉంటే విసుగు, లేకుంటే పరువు తక్కువ." పని అని చిన్నాయన అప్పుడే రాసి ఉన్నాడు. "సూర్యుడు దిగాక చేతికి ఎక్కేది." కూలి. "చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు, చేయించినవాడి పేరు రాతి మీద ఉంటుంది." దీనికి వెట్టి అని అవ్వ రాట్నం దగ్గర నుంచే చెప్పింది. ఎలా తెలిసిందని ఏకాంబరం అడిగితే, మా తాత చేసినాడు గదా అని చెప్పి కండె మార్చుకుంది. "దివాణంలో దీనికి తలపాగా, ఇంట్లో చీపురు." ఊడిగం. ఏకాంబరానికి ఉత్సాహం వచ్చింది. ఆయనకు తెలుగులో ఒక్క అక్షరం రాదు, కాని పని అనేదానికి ఎన్ని పేర్లు ఉన్నాయో మా ఇద్దరి చదువు కలిపినా ఆయనకు తెలిసినన్ని తెలియవు. గడికి ఒక అక్షరమే అన్న సంగతి మాత్రం ఆయనకూ అవ్వకూ ఎక్కలేదు. మూడు గళ్ళే ఉన్నాయంటే, "అంత పనిని మూడు ముక్కల్లో ఎట్ల పట్టిస్తారు రా" అంది అవ్వ.

చివరికి ఒకటి మిగిలింది. మూడు గళ్ళు, చివరి అక్షరం రి. "తెల్లవారకముందే లేపుతుంది. ఎందుకని అడిగితే చెప్పదు." చిన్నాయన నౌకరి అన్నాడు. నేను చాకిరి అన్నాను. రెండూ సరిపోతాయి. ఇలాంటి చోట్లే పత్రికవాళ్ళు మనుషులను పడగొట్టేవారు. ఏకాంబరం ఆధారాన్ని రెండుసార్లు చదివించుకుని, గుడ్డను వెలుగుకు పట్టినట్టు తల పైకెత్తి ఆలోచించాడు.

"చాకిరే. నౌకరైతే ఎందుకు లేపుతుందో తెలస్తుంది గదా, జీతం. చెప్పకుండా లేపేది చాకిరి," అన్నాడు.

ఇంట్లో అందరం చిన్నాయన కలం వైపు చూశాం. అమ్మ గంజి గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పిల్లనివ్వబోయే మనిషి నోటి నుంచి వచ్చిన మాట, రాసేస్తే మూడు అక్షరాలు. ఆ వయసులో నేనైతే ఏనుగు అని చెప్పినా రాసేవాణ్ణి. చిన్నాయన చాలాసేపు ఆ గళ్ళనే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు చెప్పేది న్యాయమే మామా. అయితే ఇది కట్టినాయన పేపరాఫీసులో నౌకరి చేసేవాడు. ఆయనకు పొద్దున్నే లేస్తే అదే గుర్తొచ్చి ఉంటుంది," అని చెప్పి, నౌకరి అని రాశాడు.

 ఏకాంబరం తిన్న ఆకు ఉమ్మడానికి లేచి, నన్ను కూడా రమ్మని సైగ చేశాడు. వీధిలో పడుగులు ఎండుతున్నాయి. వాటి పక్కగా నడుస్తూ, అక్కడక్కడ తెగిన దారాన్ని తనది కాకపోయినా అలవాటుగా ముడి వేస్తూ, ఆయన నా చదువు గురించి అడిగాడు. నేను కొంచెం ఎక్కువే చెప్పాను. అప్పుడు ఆగి నా వైపు తిరిగాడు.

"కాలేజీలో చదివేవాడివి. ఆ కాగితం నీకు చదవను వస్తుంది, నాకు రాదు. ఉన్నదున్నట్లు చెప్పు నాయనా. మీ చిన్నాయన చేసేది పనేనా?"

నేను నిజాయితీగా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నిజంగానే తెలియలేదు. పని అంటే ఏమిటని కాలేజీలో ఎవరూ చెప్పలేదు. తెల్లవారి కూర్చుని పొద్దు పోయాక లేచే మనిషి చేసేది పని కాకపోతే మరేమిటి? కూలి లేనిది పని కాదంటే మా అమ్మ చేసేదేమిటి? ఇవన్నీ అప్పుడే తోచాయో, ఆ తర్వాత నన్ను నేను సమర్థించుకోవడానికి తెచ్చిపెట్టుకున్నానో ఇప్పుడు చెప్పలేను. వెనక గుమ్మంలో అమ్మ ఇంకా గరిటెతోనే నిలబడి ఉంది. నేను ఒక్కొక్క మాటా ఎంచుకుని చెప్పాను.

"ఆయన లాంటోళ్ళు చేసి పంపకపోతే ఆ పేపరు నడవదయ్యా."

ఇందులో అబద్ధం లేదు. అలాంటి పత్రికలు ఆ గళ్ళు నింపేవాళ్ళ మీదే బతికేవి. అబద్ధం లేకుండా అంత పెద్ద ఉద్యోగం ఇప్పించగలిగినందుకు నాకు నా మీద గౌరవం కలిగింది, ఒక వారం దాకా తగ్గలేదు. ఏకాంబరం నన్ను కొంచెంసేపు చూసి, తల ఊపి, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయాడు. పదిరోజులకు తాంబూలాలు పుచ్చుకోవడానికి రమ్మని కబురు వచ్చింది. అవ్వ వీధి వీధంతా తిరిగి చెప్పింది. చిన్నాయన మాత్రం ఏదో తప్పు చేసినవాడిలా నా ముఖం చూడకుండా తిరిగాడు. నేను దాన్ని సిగ్గు అనుకున్నాను. ఆ మధ్యలోనే పత్రికలో సరైన జవాబులు అచ్చయ్యాయి. చిన్నాయన అన్నీ సరిగ్గా నింపాడు, ఒక్కటి తప్ప. అక్కడ చాకిరి అని ఉంది. ఆయన జీవితంలో బహుమతికి అంత దగ్గరగా వెళ్ళింది ఆ ఒక్కసారే.

పెళ్ళయిన నెలకే ఏకాంబరం అల్లుణ్ణి విరించిపురం తీసుకువెళ్ళి మగ్గం గుంటలో దించాడు. ఆరు నెలలు కూర్చోబెట్టి, కాళ్ళకూ చేతులకూ పరిచయం చేయించి, తిరిగి పంపాడు. చిన్నాయన ఆ తర్వాత చూపు మందగించేదాకా నేస్తూనే ఉన్నాడు. గొప్ప నేతగాడు కాలేదు, తప్పులు తక్కువ పడే నేతగాడు అయ్యాడు. పత్రిక రావడం ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. అవ్వ మాత్రం పోయేదాకా, మద్రాసు సావుకారు కూలి ఎగ్గొట్టాడనీ, పిల్లవాడు మంచివాడు కాబట్టి అడగలేదనీ చెబుతూ ఉండేది. నేను తాలూకా కచేరీలో ఉద్యోగానికి చేరాను. పైనుంచి గళ్ళు గీసిన కాగితాలు వచ్చేవి, నేను నింపి తిరిగి పంపేవాణ్ణి, మళ్ళీ కొత్తవి వచ్చేవి. నెలనెలా జీతం ఇచ్చేవారు, తప్పులు పడ్డా ఇచ్చేవారు. ఈ లెక్కన చూస్తే చిన్నాయనది పని కాదని అంత గట్టిగా ఎలా తెలుసుకున్నానో, నాది పనేనని దేన్ని బట్టి నమ్మానో ఆలోచిస్తే నాకే తల తిరుగుతుంది. ఇప్పుడు ఆ వీధిలో పడుగులు లేవు. గంజి వాసన లేదు. చిన్నాయన మనవళ్ళు ఫ్యాక్టరీకి వెళతారు, ఏం పని అని అడిగితే చేతిలో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తారు. అది చదివితే ఏం పనో తెలియదు, కాని ఆ తర్వాత ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు.

రేకుడబ్బా మూత పెట్టి, ఇవి దాచుకోవలసినవేనని చిన్నమ్మతో చెప్పాను. ఎందుకో ఆ పూటే మొత్తం చెప్పేయాలనిపించింది. ఇవి ఉద్యోగం కాగితాలు కావు చిన్నమ్మా, ఒక విధమైన ఆట, మీ నాయనకు ఈ సంగతి తెలియదు, అడిగినప్పుడు నేను కూడా విడమరచి చెప్పలేదు అన్నాను. యాభై ఏళ్ళ తర్వాత చేస్తున్న పశ్చాత్తాపం కాబట్టి గొంతు కూడా తగినట్టు తగ్గించాను. ఆమె మజ్జిగ గ్లాసు తీసుకుని, కొంగుతో నేల మీది తడి తుడిచింది.

"తెలీక ఏమి? ఆ పొద్దు ఇంటికి రాంగానే చెప్పినాడు, వానికి పనీ లేదు పాటా లేదు అని."

మరి పిల్లనెట్లా ఇచ్చినాడని అడిగాను.

"మీ చిన్నాయన అడిగినదానికంతా ఉన్నదే చెప్పినాడంట. పిల్లనిచ్చేవాడు చెప్పినా, తనకు సరి అని తోచిందే రాసినాడంట. మగ్గం నేర్పిస్తే వస్తుంది, అది నేర్పిస్తే రాదు అన్నాడు." చిన్నమ్మ గ్లాసు కడగడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "ఇంకొకటి కూడా అన్నాడులే. ముసలామె నమ్మి చెప్పింది, పిల్లోడు జరిగేది చెప్పినాడు, ఆ ఇంట్లో తెలిసి అబద్ధం చెప్పింది ఆ కాలేజీవాడు ఒకడే అని."